వైమానికుల జాకెట్లలో వస్త్ర నాణ్యత: నాటి, నేటి నేతల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సైనిక వైమానికుల కోసం ఇరవయ్యో శతాబ్దంలో రూపొందిన జాకెట్లు నేడు సాధారణ దుస్తులుగా విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. పాత జాకెట్ల వస్త్రం మేలైనదనీ, కొత్తవాటి వస్త్రం నాసిరకమనీ ఒక అభిప్రాయం స్థిరపడింది. గాబర్డిన్, తోలు, నైలాన్, నోమెక్స్ అనే నాలుగు దశల ఆధారంగా ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని పరిశీలిస్తుంది. వస్త్ర నాణ్యత వస్త్రం వయసులో లేదనీ, అది ఏ ప్రమాదాన్ని ఎదుర్కోవడానికి తయారైంది, ఆ శక్తిని ఏ ప్రమాణంతో పరీక్షించారు అన్న రెండు అంశాల మీద ఆధారపడుతుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వైమానిక దుస్తులు, గాబర్డిన్, నైలాన్, నోమెక్స్, హైదరాబాద్ స్క్వాడ్రన్, వస్త్రచరిత్ర, అనంతగిరి.

ఉపోద్ఘాతం

విశాఖపట్నం నుంచి అనంతగిరి కొండల మీదుగా అరకు వెళ్లే రైలు, కొత్తవలస–కిరండూల్ మార్గంలోని శిమిలిగూడ చేరేసరికి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. వాతావరణంలో పైకి వెళ్లేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. తీరంలో పలుచని నూలుచొక్కాతో రైలెక్కిన ప్రయాణికుడికి పుష్యమాసంలో అనంతగిరిలో దిగగానే అది చాలదనిపించడానికి ఈ కొద్దిపాటి తేడాయే కారణం. ఇదే లెక్కను 5000 మీటర్ల ఎత్తుకు వర్తింపజేస్తే తగ్గుదల 32 డిగ్రీలు దాటుతుంది. పైకప్పు లేని విమానంలో, గంటకు 150 కిలోమీటర్లకు మించిన వేగంతో ఎదురయ్యే గాలిలో ఆ చలిని భరించవలసిన మనిషి కోసం పుట్టినదే వైమానికుడి జాకెట్.

శీతకాలంలో ఇదే ఘాట్‌దారిలో పర్యాటకులు ధరించే ‘బాంబర్ జాకెట్ల’ ఆకృతి కూడా ఆ వైమానిక దుస్తుల నుంచి వచ్చినదే. ఆకృతి నిలిచింది. వస్త్రం మారింది. ఈ మార్పులో ఏది పోయింది, ఏది మిగిలింది అన్నది వస్త్రచరిత్ర తేల్చవలసిన ప్రశ్న.

నాణ్యత: సాపేక్ష భావన

ఉత్తరాంధ్రకు చెందిన పొందూరు ఖద్దరు ఈ చర్చకు మంచి ప్రవేశిక. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరచి, నూరో నంబరు దాకా సన్నని నూలు వడికి నేసే ఆ వస్త్రం పేరు పొందినది తన పలుచదనం వల్ల. అయితే అదే పలుచదనం డేరా గుడ్డలో కనిపిస్తే దాన్ని లోపంగానే పరిగణించాలి. నూలు సన్నదనం, నేత సాంద్రత, తెగని బలం, చిరగని బలం, గాలి చొరబడే తీరు, నీటిని ఆపే తీరు, మంటకు స్పందించే తీరు వేర్వేరు గుణాలు. వీటన్నింటినీ ‘నాణ్యత’ అనే ఒక్క మాటలో కలిపివేస్తే పోలిక అర్థరహితమవుతుంది. బరువైన జాకెట్‌ను మంచి జాకెట్‌గా భావించడం ఇటువంటి పొరపాటే.

నిజాం కానుక, గాబర్డిన్ దశ

తొలి ప్రపంచయుద్ధంలో తెలుగునేలకు ఈ చరిత్రతో నేరుగా సంబంధం ఏర్పడింది. 1917 నవంబరులో ఏర్పడిన 110వ స్క్వాడ్రన్‌కు తొలి డిహెచ్-9ఎ విమానాలను సమకూర్చినవాడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అందువల్లనే ఆ దళానికి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అనే పేరు స్థిరపడింది. 1918 సెప్టెంబరు నుంచి ఆ విమానాలు ఫ్రాన్సు స్థావరం నుంచి బయలుదేరి జర్మనీ పట్టణాల మీద పగటి దాడులు జరిపాయి. చోదకుడు, పరిశీలకుడు ఇద్దరూ కప్పులేని గూళ్లలోనే కూర్చునేవారు.

ఆనాటికి బ్రిటిష్ వైమానికుల్లో వాడుకలోకి వచ్చిన దుస్తు ‘సిడ్‌కాట్’. ఆస్ట్రేలియాకు చెందిన సిడ్నీ కాటన్ దీన్ని 1917లో రూపొందించాడు. నూనె మరకలతో తడిసిన తన పనిదుస్తులు గాలిని ఆపి వెచ్చదనాన్ని నిలిపాయని గమనించడం దీనికి మూలం. అందుకే అతడు మూడు పొరలను ఎంచుకున్నాడు: పైన గాబర్డిన్, నడుమ గాలి చొరబడని పట్టు, లోపల పలుచని బొచ్చు. థామస్ బర్బెరీ 1879లో రూపొందించిన గాబర్డిన్‌లో నేతకు ముందే నూలుకు నీటినిరోధకత కల్పిస్తారు, ఆపై ఒత్తుగా నేస్తారు. ఇక్కడ వెచ్చదనం ఒక్క పొర మందం నుంచి రాలేదు. పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలి నుంచి వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధకాలంలో బేగంపేటలోని ప్రాథమిక వైమానిక శిక్షణ పాఠశాలలో వాడిన టైగర్ మాత్ కూడా కప్పులేని విమానమే. కాని దక్కను వేసవిలో నేల మీద 40 డిగ్రీల వేడి ఉన్నప్పుడు 1000 మీటర్ల ఎత్తున కూడా 33 డిగ్రీలు ఉంటుంది. ఫ్రాన్సు ఆకాశంలో ప్రాణం నిలిపిన బొచ్చుపొర ఇక్కడ భారమే. అదే దుస్తు, అదే నేత. స్థలం మారగానే గుణం దోషమైంది.

తోలు నుంచి నైలాన్‌కు

అమెరికా సైనిక వైమానిక దళం 1931లో ప్రామాణికం చేసిన ఎ-2 జాకెట్ ప్రధానంగా గుర్రపుతోలుతో తయారైంది. గాలిని ఆపడంలో, ఒరిపిడిని తట్టుకోవడంలో తోలుకు సాటి తక్కువ. అదే దశకంలో బ్రిటన్‌లో లెస్లీ ఇర్విన్ గొర్రెతోలు జాకెట్‌ను ప్రవేశపెట్టాడు. అయితే తోలు నీటిని పీల్చుకొని బరువెక్కుతుంది, చలిలో బిగుసుకుపోతుంది, ఇరుకైన విమానగదిలో కదలికకు అడ్డమవుతుంది. 1943లో ఎ-2 కొనుగోళ్లు ఆగిపోయి, నూలు పైపొర, అల్పకా లోపలిపొర గల బి-10 దాని స్థానంలోకి వచ్చింది. తోలు జాకెట్‌ను ‘అసలైన’ నాణ్యతకు ప్రతీకగా భావించేవారు, దాన్ని వాడిన సైన్యమే పన్నెండేళ్లకు పక్కనపెట్టిందన్న సంగతిని గమనించాలి.

జెట్ విమానాల రాకతో 1950లలో ఎంఎ-1 వాడుకలోకి వచ్చింది. వాలెస్ కరోథర్స్ 1935లో రూపొందించిన నైలాన్ దాని పైపొర. నైలాన్ తేలికైనది, నీటిని అంతగా పీల్చదు, ఒరిపిడికి నిలుస్తుంది. బొచ్చు కాలరు పారాచూట్ పట్టీలకు అడ్డు రావడంతో దాని బదులు అల్లిక కాలరు పెట్టారు. 1960లలో లోపలి నింపుడులో ఉన్ని, నూలు స్థానంలో పాలిస్టర్ చేరింది. కూలిన విమానం నుంచి బయటపడ్డవాడు జాకెట్‌ను తిరగేసుకుంటే దూరానికి కనిపించాలన్న ఉద్దేశంతో లోపలిపొరకు నారింజరంగు ఇచ్చారు. నేటి బజారు జాకెట్లలోనూ కనిపించే ఆ నారింజ అస్తరు ఒకప్పటి ప్రాణరక్షణ సంకేతం.

నిప్పు పెట్టిన పరీక్ష

నైలాన్‌కు ఉన్న ప్రధాన దోషం మంట. దాదాపు 260 డిగ్రీల వద్ద అది కరుగుతుంది. కరిగి చర్మానికి అంటుకుంటుంది. పాలిస్టర్ స్వభావమూ ఇంతే. ఇంధనం నిండిన విమానంలో కూర్చునే మనిషికి చలికంటే నిప్పే పెద్ద శత్రువు. డ్యూపాంట్ సంస్థ 1967లో విపణిలోకి తెచ్చిన నోమెక్స్ నార కరగదు, మంటను కొనసాగనివ్వదు, దాదాపు 370 డిగ్రీల పైన బొగ్గుగా మారి గట్టిపడుతుంది. 1970లలో నోమెక్స్‌తో తయారైన సిడబ్ల్యుయు-45/పి అమెరికా వైమానికుల మధ్య ఎంఎ-1 స్థానాన్ని ఆక్రమించింది.

చేతికి తగిలే మృదుత్వంలో, మెరుపులో పాత ఎంఎ-1 నైలాన్ దీనికంటే మెరుగ్గా తోచవచ్చు. కాని మంట అనే కొలబద్ద ముందు ఆ మృదుత్వానికి విలువ లేదు. పాతది మేలు అన్న వాదం ఇక్కడ నిలవదు. అదే సమయంలో, నోమెక్స్ కంటే ముందటి ఉన్ని, తోలు కూడా కరగవు కనుక కొత్తది ఎల్లప్పుడూ మేలన్న వాదమూ నిలవదు. ఈ ఒక్క గుణంలో చూస్తే గొర్రెతోలు నుంచి నైలాన్‌కు మారడం వెనకడుగే.

పోలికలోని చిక్కులు

పాత, కొత్త జాకెట్లను పక్కపక్కన పెట్టి పరీక్షించేటప్పుడు పరిశోధకుడు రెండు పొరపాట్లకు లోనయ్యే అవకాశం ఉంది. మొదటిది, నేటిదాకా మిగిలినవే చేతికి అందుతాయి. చిరిగినవి, పురుగు తిన్నవి, కాలినవి ఎప్పుడో పోయాయి. మిగిలిన గట్టివాటిని చూసి ఆనాటి ఉత్పత్తి అంతా గట్టిదని నిర్ణయించడం సరికాదు. రెండవది దీనికి వ్యతిరేకం. ఎండకు నైలాన్ బలం తగ్గుతుంది, తోలు ఎండి పగులుతుంది, ఉన్నిని చిమ్మెటలు తింటాయి. కనుక నేడు కొలిచిన బలం ఆనాటి బలం కాదు.

ఈ స్థితిలో జాకెట్ లోపలి చీటీయే నమ్మదగిన ఆధారం. ఎంఎ-1 చీటీ మీద మిల్-జె-8279 వంటి నిర్దేశసంఖ్య, ఒప్పందం వివరాలు ఉంటాయి. నార, నేత, రంగు, కుట్టు ఎలా ఉండాలో నిర్దేశపత్రం చెబుతుంది; దానికి లోబడని సరుకును సైన్యం తిరస్కరించగలదు. సైనిక వస్త్రానికి, దాని అనుకరణకు మధ్య అసలైన భేదం ఇదే. 1993లో మొదలైన జపాన్ సంస్థ బజ్ రిక్సన్స్ వంటివి పాత నిర్దేశాలను అనుసరించి పునఃసృష్టి చేస్తున్నాయి. సాధారణ ఫ్యాషన్ జాకెట్‌లో ఆకృతి, రంగు, జేబు మాత్రమే సైనికమైనవి. వస్త్రాన్ని ఎంపిక చేసేది ధర.

ముగింపు

గాబర్డిన్ గాలికి, నైలాన్ నీటికి, బరువుకు, నోమెక్స్ నిప్పుకు ఇచ్చిన సమాధానాలు. ప్రతి దశలోనూ ముందటి సమాధానం నుంచి కొంత నిలిచింది, కొంత పోయింది. అందువల్ల వస్త్ర నాణ్యత చరిత్రను ఎదుగుదలగానో, పతనంగానో చిత్రించడం సమంజసం కాదు. అడగవలసిన ప్రశ్న ‘ఏది మంచిది?’ అన్నది కాదు, ‘దేనికి మంచిది?’ అన్నది.

ఈ ప్రశ్న ప్రదర్శనశాలకే పరిమితం కాదు. అనంతగిరి చలిలో నారింజ అస్తరున్న పాలిస్టర్ జాకెట్ తొడుక్కొని చలిమంట ముందు కూర్చున్న పర్యాటకుడికి తన దుస్తు వైమానికుడిదన్న భావన కలగవచ్చు. కాని ఎగిసిన నిప్పురవ్వ ఒకటి ఆ చేతి మీద పడితే, వైమానికుల దుస్తుల నుంచి సైన్యం తొలగించిన దోషమే అక్కడ మళ్లీ ఎదురవుతుంది. ఆకృతిని అనుకరించినవారు ఆ ఆకృతి వెనుక ఉన్న అనుభవాన్ని అనుకరించలేదు. ఆ అనుభవాన్ని నమోదు చేయడమే వస్త్రచరిత్ర పని.