రోజూ ఒక గంట

2016లో ఖరగ్‌పూర్ సదర్ ఫలితం వచ్చిన రోజు మా రైల్వే క్వార్టర్లలో చాలామంది నమ్మలేదు. పదిసార్లు గెలిచిన కాంగ్రెస్ పెద్దాయన, ఊరంతా 'చాచా' అని పిలుచుకునే జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్ ఓడిపోయారు. గెలిచిన దిలీప్ ఘోష్ 1984 నుంచి సంఘ్ ప్రచారక్. ఎన్నికల గాలి అన్నారు కొందరు. మాకు అలా అనిపించలేదు.

1925 విజయదశమికి నాగపూర్‌లో హెడ్గేవార్ మొదలుపెట్టిన సంస్థకు పునాది బహిరంగ సభ కాదు, శాఖ. రోజూ ఒక గంట, ఒక మైదానం, ఆట, కసరత్తు, ప్రార్థన. రెండు రోజులు రాని కుర్రవాడి ఇంటికి ఎవరో ఒకరు వెళ్లి ఎందుకు రాలేదని అడుగుతారు. ఇల్లు వదిలి పూర్తికాలం తిరిగేవాడు ప్రచారక్. చట్టం చదువుకున్న వాళ్లం కనుక మాకు వింతగా తోచేది ఇంకొకటి: 1948 నిషేధం ఎత్తివేతకు ప్రభుత్వం పట్టుబడితేనే, 1949లో దానికి రాతపూర్వక నియమావళి వచ్చింది. అంతవరకూ నడిపింది అలవాటే.

1983 ఏప్రిల్ 14న పూనాలో సామాజిక సమరసతా మంచ్ పెట్టారు. అది బాబాసాహెబ్ జయంతి. ఆ ఏడు ఉగాది కూడా అదే రోజు, హెడ్గేవార్ పుట్టిందీ ఉగాది నాడే. సమత కులాన్ని తీసేయమంటుంది. సమరసత కులాన్ని ఉంచుకుని కలిసి భోంచేయమంటుంది. మన వాడల్లోకి వాళ్లు వచ్చింది ఈ రెండో మాటతోనే.

మనకూ ఒక విజయదశమి ఉంది: 1956 అక్టోబర్ 14, అదే నాగపూర్. తర్వాత మనం ఏం చేశాం? జయంతికి దండ, బుద్ధ పూర్ణిమకు పాయసం, మిగతా రోజులు విహారానికి తాళం. మా లైనులో ఒక గ్యాంగ్‌మన్ చనిపోతే ఆ రాత్రే మంచినీళ్ల క్యాన్లు మోసుకొచ్చింది శాఖ కుర్రాళ్లు. మేము మూడో రోజు సంతాప తీర్మానంతో వెళ్లాం.

వాళ్ల పద్ధతి మనకెందుకు అని మనవాళ్లే అంటారు. వినయపిటకం చూడండి. అన్యమతస్థులు పక్షానికి కొన్ని తిథుల్లో కూడి ధర్మం చెబుతున్నారని, జనం వాళ్ల వైపు పోతున్నారని బింబిసారుడు వచ్చి చెప్పాడు. భగవానుడు చిన్నబుచ్చుకోలేదు, భిక్షువులనూ ఆ రోజుల్లోనే కూడమన్నాడు. ఉపోసథం అలా వచ్చింది. ఇక గడపగడపకూ రోజూ తిరిగే భిక్షాటన అప్పటికే ఉంది.

పోయిన ఆషాఢ పూర్ణిమ నుంచి నలుగురం, ఇద్దరు మహిళలు సహా, ఆదివారం సాయంత్రాలు క్వార్టర్లు తిరుగుతున్నాం. సభ్యత్వ రసీదు పుస్తకం వెంట తీసుకెళ్లడం లేదు. మొదటి నెలలో మూడు ఇళ్లవాళ్లు కూర్చోమన్నారు.