ఏడాది సంకల్పం, రోజుకు అయిదుగురు బిడ్డలు

సంవత్సరారంభంలో సంకల్పం చెప్పుకొనుట సులభం. ఈ ఏడు ఇంతమందికి చికిత్స చేయుదుమని ఒక దంతవైద్యశాల గోడమీద వ్రాసుకొనుట అంతకంటె సులభం. ఆ ఏడాది అంకె రేపటి ఉదయం ఎవరి చేతిలో ఏ పనిగా మారునన్నదే కష్టమైన ప్రశ్న. దీనికి ఒక చిన్న దేశం స్పష్టమైన సమాధానం చెప్పినది. ఆ దేశం న్యూజీలండు. ఆ సమాధానంలోని బలంతోపాటు లోపం కూడ తెలిసికొనదగినదే.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైనప్పుడు, సైన్యంలో చేరవచ్చిన న్యూజీలండు యువకులలో అనేకుల పండ్లు పుచ్చి శిథిలమై ఉన్నవి. ఆనాటి సమాజంలో అది వింత కాదు. పెండ్లికి ముందే పండ్లన్నీ తీయించుకొని కట్టుడుపండ్లు అమర్చుకొన్న యువతులు కూడ ఆ దేశంలో ఉండేవారు. సైనికుల చికిత్సకు 1915లో ఒక ప్రత్యేక దంతవైద్య దళాన్ని ఏర్పరచినారు. దానికి నాయకత్వం వహించిన థామస్ ఆండర్సన్ హంటర్ ఒక సత్యాన్ని గుర్తించినాడు. ఇరువదియేండ్ల యువకుని నోట కనిపించిన నష్టం అతడు బడిలో అడుగుపెట్టిన నాటికే ప్రారంభమైనది. కనుక చికిత్స కూడ అక్కడనే ప్రారంభం కావలెను.

యుద్ధానంతరం హంటర్ ప్రభుత్వ ఆరోగ్యశాఖలో దంతారోగ్య విభాగానికి అధిపతి అయినాడు. బడిపిల్లల పండ్లు కాపాడుట అతని ఆశయం. అంతమంది పిల్లలకు చాలినంత దంతవైద్యులు దేశంలో లేరు. అందుచేత యువతులకు రెండేండ్లు శిక్షణ యిచ్చి, పిల్లల చికిత్సకు మాత్రమే నియమించే పద్ధతి ఆలోచించినాడు. పండ్లు పరీక్షించుట, పుచ్చిన భాగాన్ని తొలిచి పూడ్చుట, పాలపండ్లు తీయుట, నోటి శుభ్రత నేర్పుట వారి విధులు. రెండేండ్ల చదువుతో పంటిమీద మర పెట్టనిచ్చుట ప్రమాదమని పలువురు దంతవైద్యులు ఆక్షేపించినారు. అయినను 1921లో వెల్లింగ్టన్ నగరంలో శిక్షణాలయం ప్రారంభమైనది. 1923లో మొదటి జట్టు యువతులు చదువు ముగించి బడులకు వెళ్ళినారు. వారికే స్కూల్ డెంటల్ నర్సులని పేరు.

ఇక లెక్క చూడండి. ఒక్కొక్క నర్సుకు సుమారు 500 మంది పిల్లలు. ప్రతి బిడ్డను ఆరునెలల కొకసారి చూడవలెను. అనగా ఏడాదికి 1,000 దర్శనాలు. బడి ఏడాదిలో సుమారు 200 దినములు నడుచునను కొందము. అప్పుడు రోజుకు అయిదుగురు బిడ్డలు. 1,000 అన్న అంకె వినగానే గుండె జారుతుంది. అయిదుగురనగానే చేయి పనిలోకి దిగుతుంది. దేశమంతటి ఆశయం ఒక యువతి ఒక పూట పనిగా మారినది.

ఆ అయిదుగురిని ఆమె ఒంటరిగా చూడలేదు. చికిత్సాగది బడి ఆవరణలోనే ఉండేది. ఉపాధ్యాయులు పాఠం నడుమ బిడ్డను పంపేవారు. చికిత్స ముగిసిన బిడ్డయే తరగతికి వెళ్ళి తరువాతి పేరు చెప్పి పిలుచుకొని వచ్చుట కూడ కద్దు. స్థానిక సంఘాలలోని తల్లిదండ్రులు చికిత్సాలయానికి విరాళాలు పోగుచేసేవారు. పై అధికారులైన దంతవైద్యులు వచ్చి పని తనిఖీ చేసేవారు. ఎవరి వంతు వారికి తెలిసినందున రోజు లెక్క తప్పలేదు.

హంటర్ చూపిన వివేకం ఇంకొకటి ఉన్నది. అందరినీ ఒక్కసారి చేపట్టక, చిన్న తరగతులతో ప్రారంభించి, ఆ పిల్లలు పైకి పోయినకొద్దీ సేవను పై తరగతులకు విస్తరింపజేసినాడు. క్రమంగా పిల్లల పండ్లు పీకుట బాగా తగ్గి, పూడ్చి నిలుపుట పెరిగినది. 1949లో మలయాలోని పెనాంగులో ఇటువంటి శిక్షణాలయం వెలసినది. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రయోగంపై ఒక గ్రంథాన్నే ప్రచురించినది.

కాని రోజువారీ లెక్కకు ఒక దోషం ఉన్నది. దేనిని లెక్కింతుమో దానినే మనం పెంచుతాము. పూడ్చిన పండ్ల సంఖ్యయే ఏటేటా పనికి కొలబద్దగా నిలిచినది. పుచ్చు పూర్తిగా ఏర్పడకముందే అనుమానంతో తొలిచి పూడ్చిన పండ్లు ఎన్నో. కాలితో తొక్కే మర బాధ మరువని పిల్లలు ఆ గదికి 'ఖూనీ ఇల్లు' అని పేరు పెట్టినారు. 1954లో హేస్టింగ్స్ పట్టణంలో త్రాగునీటిలో ఫ్లోరైడు కలుపుట ప్రారంభించినారు. తరువాత ఫ్లోరైడు టూత్‌పేస్టు వాడుక పెరిగి పుచ్చు తగ్గినది. 1970 దశకంలో నియమాలు మార్చి, చిన్న మచ్చలను వెంటనే తొలువక వేచిచూడుమన్నారు. పూడికలు తగ్గినవి, పండ్లకు హాని కలుగలేదు. అంతవరకు లెక్కలో చేరిన పూడికలలో కొన్ని అవసరం లేనివేనన్నమాట.

రెండవ దోషం నర్సులకు సంబంధించినది. యువతులు తక్కువ జీతానికి దొరుకుదురన్న భావం కూడ ఆ ప్రణాళికలో ఉన్నది. అయిదుగురు బిడ్డల లెక్క వ్రాసినవారు, ఆ అయిదుగురిని చూచే చేతుల అలసటను లెక్క వ్రాయలేదు. 1974లో ఆ నర్సులే జీతాలకై వెల్లింగ్టన్‌లో పార్లమెంటు భవనానికి ఊరేగింపుగా నడచినారు.

నేడు మన పట్టణాలలోని దంతవైద్యులు తమ ఏడాది ఆశయాన్ని దినములకు పంచుకొనదలచినచో ఈ చరిత్ర రెండువిధాల పనికివస్తుంది. డాక్టరు, సహాయకురాలు, పేర్లు వ్రాసే గుమాస్తా ప్రతి ఉదయం అయిదు నిమిషాలు కూర్చుండి ఆనాటి పని పంచుకొనుట మంచిదే. అయితే ఆ పలకమీద ఎన్ని పండ్లు పూడ్చితిమన్న అంకె ఒక్కటే ఉండరాదు. ఆరునెలలకు రావలసినవారిలో ఎందరు తిరిగివచ్చినారు, వారిలో ఎందరికి క్రొత్త పుచ్చు లేదు, సాయంకాలానికి సహాయకురాలు వేళకు ఇల్లు చేరినదా అన్నవి కూడ దానిమీద వ్రాయవలెను.