నౌకా దినచర్య – కథన దృష్టి: ‘గ్లోబ్’ ఓడ సాక్ష్యం

అంతరిక్ష నౌకా సిబ్బంది దినచర్యల రూపంలో సాగే వైజ్ఞానిక కల్పనా రచనలకు మూలరూపం సముద్రయాన లాగ్‌బుక్. ముడులు వేసిన తాడుకు కొయ్యముక్క కట్టి, నీటిలో వదిలి ఓడ వేగాన్ని గణించే పద్ధతి నుండి ఆ పేరు ఏర్పడింది. 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలో వినిపించే కెప్టెన్ దినచర్య ఈ వారసత్వమే. ఈ రూపం బలాన్నీ పరిమితినీ గ్రహించడానికి మచిలీపట్నం రేవు చరిత్ర ఉపకరిస్తుంది.

1611లో ఆంథొనీ హిప్పన్ నాయకత్వాన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ గోల్కొండ రాజ్యపు ముఖ్య రేవైన మచిలీపట్నానికి వచ్చింది. అందులోని డచ్చి వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ ఆ యాత్రకు దినచర్య రాశాడు. 1934లో మోర్లాండ్ సంపాదకత్వంలో హాక్లూయిట్ సొసైటీ దానిని ప్రచురించింది. ఓడ 1612లో పటానీ చేరింది. కోరమాండల్ తీరపు బట్టలకు సన్నని అంచు లోపించినందువల్ల అక్కడ ధర పడిపోయిందని ఫ్లోరిస్ నమోదు చేశాడు.

రేపేమి జరుగుతుందో తెలియకుండా రాసినందువల్లనే ఆ ఆశ్చర్యం నేటికీ సజీవంగా ఉంది. ఇది దినచర్య బలం. అయితే అంచు విలువను లెక్కించిన ఆ రచనలో, బట్ట నేసినవారి, రంగులద్దినవారి మాట వినిపించదు. ఓడకు పనికివచ్చినంత మేరకే తీరం కనిపిస్తుంది. ఇది దాని పరిమితి.

కనుక నౌక సముద్రానిదైనా అంతరిక్షానిదైనా, దినచర్యా కథనాన్ని పరిశీలించేవారు రాసిన చేతితోపాటు, రాయడానికి అవకాశం లేని తీరాన్నీ విచారించాలి.