పాలకొల్లు మాండలిన్, ఆగని గిటార్: 'డ్రీమ్' ఆల్బమ్ కథ

మాండలిన్ శ్రీనివాస్ పేరు వినని వాళ్లు మన గోదావరి జిల్లాల్లో తక్కువ. కానీ 1995లో ఆయన చేసిన 'డ్రీమ్' ఆల్బమ్ విన్నవాళ్లు మన వయసులో ఎంతమంది? అది సభలో కచేరీ కాదు, సినిమా పాట కాదు, జాజ్ అందామంటే పూర్తిగా అదీ కాదు. దాని దగ్గరికి వెళ్లేముందు ఒక టెక్నికల్ ప్రాబ్లమ్ చూద్దాం. అది తెలిస్తేనే ఆల్బమ్ మజా తెలుస్తుంది.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. నాన్నగారు సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. క్లారినెట్ అంటే ఊపిరితో వాయించేది. ఊదినంతసేపూ స్వరం నిలబడుతుంది. కానీ ఆరేళ్ల పిల్లాడి చేతికి చిక్కింది ఇంట్లో ఉన్న మాండలిన్. దాన్ని మీటితే టింగుమంటుంది, అంతే, శబ్దం వెంటనే ఆరిపోతుంది. పైగా మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు. కర్ణాటక సంగీతంలో స్వరం ఒకచోట కూర్చోదు. ఊగుతుంది, జారుతుంది. అదే గమకం. జత తీగల్ని కలిపి, శ్రుతి తప్పకుండా ఊపడమే కష్టం. ఊపేలోపు శబ్దమే అయిపోతే ఇంకేం చేస్తాం?

ఇక్కడే ఇంకో ట్విస్ట్. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని వాయించేవాడు. అంటే శ్రీనివాస్ నేర్చుకున్నది గొంతు నుంచి. గొంతులో పలికింది తీగ మీద పలకకపోతే సంగీతాన్ని తగ్గించుకోలేదు, వాయిద్యాన్నే మార్చేశారు. ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతల బదులు అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఒంటి తీగ ఊగుతుంది, కరెంటు దాని శబ్దాన్ని కాసేపు నిలబెడుతుంది. ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే, బగ్‌ని హార్డ్‌వేర్‌లోనే ఫిక్స్ చేశారన్నమాట.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1981లో మద్రాసు. మాండలిన్ మీద కర్ణాటక సంగీతమా అని అనుమానపడ్డవాళ్లు అక్కడ కూడా ఉన్నారు. 1983లో, ఇంకా టీనేజ్‌లోనే, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించారు. జాజ్ వినడానికి వచ్చినవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు 'డ్రీమ్'. పీటర్ గాబ్రియెల్ స్థాపించిన రియల్ వరల్డ్ లేబుల్ విడుదల చేసింది. పక్కన మైకేల్ బ్రూక్. కెనడా గిటారిస్ట్, నస్రత్ ఫతే అలీ ఖాన్ 'మస్త్ మస్త్' ఆల్బమ్ నిర్మాత. ఈయన తయారుచేసిందే 'ఇన్ఫినిట్ గిటార్'. ఒకసారి స్వరం మొదలైతే మనం ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. యూటూ బ్యాండ్ 1987లో చేసిన 'విత్ ఆర్ వితౌట్ యూ' పాటలో సాగుతూ వినిపించే గిటార్ అదే.

ఇప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరిది పుట్టగానే ఆరిపోయే స్వరం ఉన్న వాయిద్యం, ఇంకొకరిది అసలు ఆరని స్వరం. పాలకొల్లులో ఒకరు, కెనడాలో ఒకరు, ఒకరికొకరు తెలియకుండానే ఒకే ప్రశ్న మీద కుస్తీ పట్టారు: తీగ మీద స్వరాన్ని ఎంతసేపు బతికించగలం? ఆల్బమ్‌లో బ్రూక్ శబ్దం వెనకాల పొగమంచులా పరుచుకుంటుంది, శ్రీనివాస్ అందులోంచి చకచకా నడిచిపోతారు. మాండలిన్ ఆగినా నిశ్శబ్దం రాదు. కచేరీలో ఆ ఖాళీని మృదంగం, వయొలిన్ నింపుతాయి. ఇక్కడ ఖాళీయే ఒక వాయిద్యం.

తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి'లో వాయించారు. 2000లో వచ్చిన 'ది బిలీవర్' వినండి. మెక్‌లాఫ్లిన్ వేగానికి ఎక్కడా తగ్గరు. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 45.

చాలామంది ఆయన్ని బాలమేధావిగానే గుర్తుపెట్టుకున్నారు. అది సగం కథేనండి. చిన్నప్పుడే గొప్పగా వాయించినవాళ్లు ఇంకా ఉన్నారు. చేతిలో ఉన్న వాయిద్యం చాలదని తెలిసి దాన్నే మార్చుకున్నవాళ్లు, పేరొచ్చాక కూడా కొత్తవాళ్ల పక్కన కూర్చుని కొత్తగా వెతికినవాళ్లు ఎంతమంది?

'డ్రీమ్' ఫోన్ స్పీకర్‌లో వినకండి, వేస్ట్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మాండలిన్ ఆగిన చోట ఏం మిగిలిందో వినండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.