జపాను ఆధునిక ముద్రాచిత్రములలో లిపిలేఖనకళ

కుంచెతో అక్షరము వ్రాయుటను చిత్రరచనకు సాటియగు కళగా జపానీయులు చిరకాలముగా మన్నించుచున్నను, ఆ అక్షరము కొయ్య అచ్చుపైకి ఎక్కినపుడు మాత్రము చాలవరకు బొమ్మకు పరిచారికగానే ఉండెను. ఎడో కాలపు ఉకియోఎ ముద్రలలో గీయువాడొకడు, చెక్కువాడొకడు, అద్దువాడొకడు. కావున అందలి పద్యపంక్తులు ఎంత రమ్యములైనను వానిలో కనబడు ఒడుపు నకలు తీసిన ఉలియొక్క నేర్పే. 1904లో యమమోతో కనాయె 'బెస్తవాడు' అను ముద్రను తానే గీసి, తానే చెక్కి, తానే అచ్చొత్తుటతో మొదలైన సోసాకు హంగా (సృజనాత్మక ముద్రల) ఉద్యమము ఈ శ్రమవిభాగమును త్రోసిపుచ్చెను.

ఈ మార్గమున నడచినవారిలో, అఓమొరిలో కమ్మరి యింట పుట్టిన మునకత షికో (1903–1975) 1936లో సతో ఇచియె కావ్యము నాధారముగా గొని చెక్కిన 'యమతో షి ఉరువాషి' యందు బొమ్మయు పాఠమును విడదీయరానట్లు పెనవేసికొనినవి. ఈయనకు 1956లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనమున ముద్రణకళకు మహాబహుమానము లభించెను.

షినోద తోకో (1913–2021) మార్గము వేరు. కుంచె విసురు ఉలి క్రింద చచ్చిపోవుననియో ఏమో, ఆమె లితోగ్రాఫును (శిలాముద్రణమును) ఆశ్రయించి, అచ్చైన ప్రతులపై మరల స్వహస్తముతో సిరాగీతలు చేర్చెను. అందుచేత ఒకే ముద్రకు చెందిన రెండు ప్రతులు అచ్చముగా ఒక్కతీరున నుండవు.

అక్షరమునే సర్వస్వముగా గొన్నవాడు ఇబరాకి ప్రాంతీయుడైన మకి హకు (1924–2000). సోసాకు హంగా కళాకారుడగు ఒంచి కోషిరో గోష్ఠిలో చేరి విద్య నేర్చిన ఈతడు చెక్కపలకపై తడి సిమెంటును పరచి, అందు చిత్రాక్షరమును మలచి, అది గట్టిపడిన పిమ్మట దళసరి కాగితమును దానిపై అదిమి తీయగా, అక్షరము సిరామరకగా గాక, శిథిలశాసనమువలె ఎత్తుపల్లములతో వ్రేలికి తగులునట్లు వెలువడెను. రూపమును ఎంతగా సాగదీసి విరిచెననగా జపానీయులే పెక్కింటిని చదువలేరు. ఇది భాషకు అపచారమని ఆక్షేపింపవచ్చును గాని, అర్థము తొలగిన చోటనే గీతయొక్క బరువు, ఖాళీచోటి బిగువు కంటికి ఆనునని ఈ ముద్రలను చూచిన వారికి తోచకమానదు. 'పద్యము' అను పేర వరుసగా వెలువడిన ఈ ముద్రలలో పద్యపాదమొక్కటియు నుండదు. తరచుగా ఒక్క అక్షరమే కాగితమెల్ల ఆక్రమించియుండును. అమెరికా రచయిత జేమ్స్ మిచెనర్ 1962లో అసలు ముద్రలనే కూర్చి వెలువరించిన గ్రంథమునకు ఎంపికైన పదుగురిలో మకి ఒకడు. పిదప కాలమున ఆతడు అదే సిమెంటు పలకపై తేనీటి గిన్నెలను, పండ్లను కూడ మలచెను గాని, వానియందు అక్షరముద్రలలోని పొగరు తక్కువ.