స్టేట్ పార్కుల్లో ప్రకృతి పాఠాలు

అమెరికాలో నేషనల్ పార్కులు కేంద్ర ప్రభుత్వానివి, స్టేట్ పార్కులు ఆయా రాష్ట్రాలవి. ఆంధ్రప్రదేశ్‌లో పాపికొండలు పేరుకు నేషనల్ పార్కే అయినా దాన్ని చూసుకునేది రాష్ట్ర అటవీశాఖ. అమెరికాలో అలా కాదు, భూమి, సిబ్బంది, ఖర్చు అన్నీ వేరువేరు. పేరు ప్రఖ్యాతులు నేషనల్ పార్కులవే అయినా, ఊరికి దగ్గరగా ఉండి, సెలవురోజున పిల్లలతో వెళ్లి రాగలిగేవి ఎక్కువగా స్టేట్ పార్కులే. చెట్టునూ పిట్టనూ దగ్గరుండి పరిచయం చేసే పద్ధతి సామాన్యులకు అందింది కూడా చాలావరకు వీటివల్లే.

1864లో, అంతర్యుద్ధం ఇంకా సాగుతుండగానే, అబ్రహాం లింకన్ యోసెమిటీ లోయనూ మారిపోసా సెకోయా చెట్ల తోపునూ ప్రజల విహారం కోసం కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించాడు. ఆ లోయ అవానీచీ ప్రజల నివాసం. 1851లోనే సాయుధ దళం వచ్చి వాళ్లను తరిమింది. ఈ మాట వదిలేసి పార్కుల చరిత్ర చెప్పడం న్యాయం కాదు. తర్వాత 1885లో న్యూయార్క్ నయాగరాను, 1891లో మిన్నెసోటా మిసిసిపీ నది పుట్టే ఇటాస్కా సరస్సును పార్కులుగా ప్రకటించాయి.

అప్పటికి పార్కంటే చూసి రావడమే. వెంట నడుస్తూ వివరించే మనిషి కావాలన్న ఆలోచన తర్వాతి తరంలో బలపడింది. ఇండియానా కథ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ టర్కీ రన్ అనే చోట గొడ్డలి పడని పాత అడవి మిగిలింది. దాన్ని కాపాడమని పత్రికా రచయిత్రి జూలియట్ స్ట్రాస్ గవర్నరును వేడుకుంది. 1916 వేలంలో ఓ కలప కంపెనీ ఆ అడవిని 30,200 డాలర్లకు పాడుకుంది. రిచర్డ్ లీబర్ ఊరుకోలేదు, విరాళాలు కూడగట్టాడు. అదే ఏడాది ఆ భూమిని 40,200 డాలర్లకు ఆ కంపెనీ దగ్గరే కొని రాష్ట్రానికి పార్కుగా దక్కించారు. లీబర్ 1891లో జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. ఇండియానా పార్కుల వ్యవస్థకు రూపమిచ్చింది ఆయనే. 1920ల్లోనే అక్కడి పార్కుల్లో ప్రకృతిని వివరించే నేచురలిస్టులు సందర్శకులను వెంటబెట్టుకుని నడవడం మొదలైంది.

దాదాపు అదే కాలంలో న్యూయార్క్ దగ్గరి హారిమన్ పార్కులో కీటక శాస్త్రవేత్త ఫ్రాంక్ లుట్జ్ ఒక కాలిబాట పొడవునా వివరాల చీటీలు కట్టించాడు. పక్కనే ఇంకో బాటలో చీటీల మీద వివరాలకు బదులు ప్రశ్నలు పెట్టాడు. మొదటి బాటలో నేర్చుకున్నది రెండో బాటలో ఎవరికి వారే పరీక్షించుకోవచ్చు. గోడలు లేని బడికి ఇంతకంటే చక్కని ఏర్పాటు ఉండదు.

1933 నుంచి 1942 వరకు నిరుద్యోగ యువకుల దళం, సివిలియన్ కన్జర్వేషన్ కోర్, ఈ పార్కుల్లో బాటలు వేసింది, రాతి కట్టడాలు, ఆరుబయలు రంగస్థలాలు కట్టింది. వాటిలో చాలా చోట్ల నేటికీ సాయంత్రాలు ప్రసంగాలు జరుగుతున్నాయి.

ఆ రోజుల్లో మాత్రం ఆ ప్రసంగాలు అందరికీ అందలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారికి పార్కులు మూసి ఉండేవి, లేదా వేరుగా ఉండేవి. నార్త్ కరోలినాలో 1939లో తెరిచిన జోన్స్ లేక్ పార్కు వాళ్ల కోసమే పెట్టింది. కలిసి తిరగనివ్వాలని కోర్టు చెబితే, సౌత్ కరోలినా 1963లో తన స్టేట్ పార్కులన్నిటినీ మూసేసింది. చెట్ల గురించి తెలుసుకోవడానికి కూడా పౌరహక్కుల పోరాటం కావలసి వచ్చింది.

ప్రకృతి గురించి చెప్పే తీరును మార్చినవాడు రచయిత ఫ్రీమన్ టిల్డెన్. 1957లో వచ్చిన పుస్తకంలో ఆయన, సమాచారం అప్పజెప్పడం కాదు, వినేవారిలో ఆసక్తి రగిలించడం ముఖ్యమని వాదించాడు. పిల్లలకు చెప్పేది పెద్దల పాఠానికి పలచని రూపం కాకూడదనీ అన్నాడు. నేటి నేచురలిస్టుల శిక్షణకు ఇదే పునాది.

ఇప్పటి కార్యక్రమాలు రుతువుల వెంట నడుస్తాయి. చలికాలం చివర, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో, ఉత్తరాది పార్కుల్లో మేపుల్ చెట్లకు చిన్న రంధ్రం చేసి రసం పట్టి చూపిస్తారు. సుమారు 40 లీటర్ల రసం కాస్తే ఒక లీటరు సిరప్ వస్తుంది. రాత్రి నడకలో టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోమంటారు, చీకటికి అలవాటైన చూపు చెదరకుండా. గుడ్లగూబ పిలుపును అనుకరించి, జవాబు కోసం అందరూ ఆగుతారు. వేసవిలో చెరువు నీళ్లలో వల తిప్పి, పడిన పురుగులను తెల్ల పళ్లెంలో చూసి తిరిగి వదిలేస్తారు.

ఇలాంటి కార్యక్రమాల్లో ఒకటి, మసాచుసెట్స్‌లోని బ్లూ హిల్స్‌లో 1992లో మొదలైన జనవరి 1 నడక, 2012 నాటికి 50 రాష్ట్రాల పార్కులకూ పాకింది.