భిలాయ్‌లో ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రఫీ: పొగమంచు, ఎర్రమట్టి, అరగంట వెలుగు

భిలాయ్ అంటే ఉక్కే గుర్తొస్తుంది. సోవియట్ సహకారంతో కట్టిన కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉపాధి కోసం వచ్చిన ఎన్నో కుటుంబాలు ఇక్కడి సెక్టార్లలో స్థిరపడ్డాయి. షిఫ్టుల మధ్య తీరిక చూసుకుని కెమెరా పట్టే ఔత్సాహికులకు మాత్రం ఈ ఊరు సులువుగా లొంగదు. చుట్టూ మైదానం. సముద్రం లేదు. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే చిమ్నీలేమో భద్రతా వలయంలో ఉన్నాయి.

ప్లాంటు లోపల ఫొటోలు తీయాలంటే అనుమతి తప్పనిసరి. కాపలా సీఐఎస్‌ఎఫ్‌ది. బయటి రోడ్ల నుంచి తీసేటప్పుడు కూడా గేట్లను, భద్రతా సిబ్బందిని ఫ్రేములోకి రానివ్వకపోవడం మంచిది. డ్రోన్ ఉన్నవారు 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆ చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో ముందే చూసుకోవాలి.

ఇక్కడ మొదట నేర్చుకోవాల్సింది కెమెరా కన్నా వెలుగు. భిలాయ్ కర్కట రేఖకు కాస్త దక్షిణంగా, సుమారు 21.2 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అందుకే మే చివర్లో ఒకసారి, జూలై మధ్యలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నీడలు కాళ్ల కిందికి చేరిపోతాయి, దృశ్యం చదునుగా కనిపిస్తుంది. ఉదయం, సాయంత్రం వచ్చే బంగారు వెలుగు కూడా ఎక్కువసేపు ఉండదు. సూర్యుడు క్షితిజం నుంచి 6 డిగ్రీలు ఎక్కడానికి ఇక్కడ అరగంట కూడా పట్టదు. చోటు వెతకడం, ట్రైపాడ్ బిగించడం అంతకు ముందే అయిపోవాలి.

చలికాలపు పొగమంచును చాలామంది అడ్డంకి అనుకుంటారు. నిజానికి మైదానంలో లోతు చూపించేది అదే. మరోదా జలాశయం గట్టు మీద నుంచి 100 మిల్లీమీటర్లకు పైబడిన లెన్స్‌తో తీస్తే దగ్గరి చెట్టు ముదురుగా, దూరపు చెట్లు పొరపొరలుగా తేలిపోతూ వస్తాయి. ఎడిటింగ్‌లో డీహేజ్ స్లైడర్‌ను చివరిదాకా లాగితే ఆ పొరలన్నీ పోతాయి. ఆకాశం బొగ్గు రంగుకు తిరుగుతుంది, చెట్ల అంచుల చుట్టూ తెల్లటి గీత మొలుస్తుంది.

సెలవు దొరికితే దక్షిణంగా బాలోద్ దగ్గర తాండుల డ్యామ్, ఇంకా ముందుకు వెళితే ప్లాంటుకు ఇనుప ఖనిజం పంపిన దల్లీ రాజహరా. ధమ్తరి దగ్గర మహానది మీద గంగ్రేల్ డ్యామ్ మరో మంచి చోటు. దూరం ఫర్వాలేదనుకుంటే బస్తర్‌లో ఇంద్రావతి మీద చిత్రకోట్ జలపాతం. వానాకాలంలో దాని నీరు ఎర్రమట్టితో ఇటుక రంగులోకి మారుతుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ రంగును తప్పుగా భావించి చల్లబరచడానికి చూస్తుంది. డేలైట్ మీద పెడితే ఉన్న రంగు ఉన్నట్టు వస్తుంది. నీటిని పట్టుతెరలా చూపాలంటే 6 స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ చాలు: సెకనులో అరవయ్యో వంతు ఎక్స్‌పోజర్ దాదాపు ఒక సెకను అవుతుంది. అయితే వరద ఉరుకు చూపాలంటే ఫిల్టర్ తీసేయాల్సిందే. అందరూ పట్టుతెరే ఎందుకు తీస్తారో తెలియదు.

రా ఫార్మాట్‌లో తీయడం దుబారా కాదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలుంటే 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. సాయంత్రం ఆకాశాన్ని సరిదిద్దేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ కొనలేనివారికి కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్, ఫోన్‌లో స్నాప్‌సీడ్ ఉచితం.

అసలు పేచీ ఎడిటింగ్ ఎంతవరకు అన్నదగ్గర వస్తుంది. 2020 అక్టోబర్‌లో ఫొటోషాప్‌లో ఆకాశాన్ని మార్చే సాధనం వచ్చాక, తెల్లబోయిన భిలాయ్ ఆకాశంలో ఎక్కడివో ఎర్రమబ్బులు అతికించడం నిమిషం పని. లైకులు బాగానే వస్తాయి. కానీ చెరువులు పూడి, చెట్లు కూలి, క్వార్టర్లు మారుతున్న పారిశ్రామిక పట్టణంలో గాలి ఒక రోజు ఎలా ఉందో చెప్పే సాక్ష్యం ఆ తెల్లటి ఆకాశమే. దాన్ని తీసేస్తే ఫొటో ఏ ఊరిదైనా కావచ్చు. ఫియాప్, పీఎస్‌ఏ వంటి అంతర్జాతీయ సంస్థల పోటీల్లో నేచర్ విభాగానికి ఇలాంటి అతుకులు అసలే పనికిరావు. అలంకార చిత్రంగా చేసుకోవాలనుకుంటే చేసుకోవచ్చు, ఆ సంగతి శీర్షికలో రాయాలి.

తోటివారితో పంచుకునేటప్పుడు ఎడిట్ చేసిన చిత్రం పక్కనే అసలు ఫ్రేమునూ పెట్టడం మంచి అలవాటు. షట్టర్, అపర్చర్, ఐఎస్‌ఓతో పాటు తేదీ, గంట, నిలబడిన చోటు కూడా రాస్తే, మరుసటి ఏడాది అదే రోజు అదే గట్టు మీదికి వెళ్లి పోల్చి తీసే వీలుంటుంది.